ఖాళీ తట్ట తూకం

కాశీబుగ్గ. టైర్ల కొట్టు మీద గది.
కిటికీ తీస్తే జీడిపిక్కలు కాల్చిన పొగ,
మూసినా పొగే.
కీబోర్డు సందుల్లో కూడా ఆ జిడ్డు.

రాత్రి పీహెచ్‌పీ కొత్త వెర్షన్ ఎక్కించాను.
తెల్లారేసరికి లాగ్ నిండా ఒకటే గొణుగుడు:
ముందు చెప్పని ప్రాపర్టీని పుట్టిస్తున్నారు,
ఇక మానుకోండి.
మూడువందల పన్నెండు సార్లు.
దాని నోరు మూయించే లైను ఒకటుంది,
క్లాసు నెత్తిన పెడితే చాలు.
పెట్టబోయాను కూడా.

కూలీ అనే క్లాసు. రాత్రిపని లెక్క.
బకాయి అని ఇంగ్లీషులో కొట్టాల్సిన చోట
ఒక 'ఏ' ఎక్కువ.
వేలు నాదే. రెండేళ్ల కిందటి వేలు.

ఆనాడు యంత్రం అడగలేదు
ఎవరిది ఇది, ఎప్పుడు చేరింది, అని.
సరేనని అప్పటికప్పుడు ఒక గూడు కట్టి
డబ్బులు అందులో వేసింది.
చీటీ అచ్చేసే లైను పాత గూడే తెరిచింది.
సున్నా.
పేజీ మూసుకోగానే కొత్త గూడూ లేదు,
అందులోదీ లేదు.

ఆ సున్నా పట్టుకునే దాలమ్మ మెట్లెక్కి వచ్చింది.
"పదకొండు రాత్రులు సేసినాను బాబూ, ఏవయినాయి?"
కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా, అన్నాను.
టీ తాగుతూ అన్నాను.
జీడి రసానికి నల్లబడ్డ వేళ్లతో
చీటీ నాలుగు మడతలు పెట్టి
రొంటిన దోపుకుని దిగిపోయింది.

ఇవాళ పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లాను.
కాటా దగ్గర వరస.
పప్పు పోయకముందే ఒట్టి తట్ట కాటా మీద పెట్టి
గట్టిగా అరుస్తోంది:
"దాలమ్మ! పద్నాలుగు! కాళీది తొమ్మిదొందలు!"
సిమ్మాద్రి రాసుకున్నాడు.
ఖాళీది ఎందుకు తూయడం, అన్నాను అతనితో.
పెన్ను ఆపకుండానే అన్నాడు,
"కాళీది సెప్పకపోతే నిండింది ఎవులిదండీ?"

గదికొచ్చి క్లాసు మొదట్లో
ఒక్కో లైనే రాస్తున్నాను.
పబ్లిక్, స్ట్రింగ్, పేరు.
పబ్లిక్, ఇంట్, తట్ట నంబరు.
పబ్లిక్, ఫ్లోట్, బకాయి, సున్నాతో మొదలు.
ఆ ఎక్కువ 'ఏ' చెరిపేశాను.
రాత్రులు మాత్రం ఏ టేబుల్లోనూ లేవు,
దాలమ్మ నోటి లెక్క తప్ప.
యజమాని నోటి లెక్క ఒప్పుకోడు.

సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లాలి.
ఏం చెప్పాలో తెలీదు.
కాగితం మీద ముందుగా ఒకటి రాసుకున్నాను,
తప్పు: నాది.
కింద ఇంకా ఖాళీ.