కుళ్లాయప్ప ఎక్కాలు

గుంతకల్లు రైల్వే గ్రౌండులో
పొద్దున ఐదున్నరకు
పదకొండు మందిమి గాలిని తోస్తుంటాం.
పాలవాళ్లు బండ్లు ఆపి చూస్తారు.
"నీళ్లలో గుడ్డలు జాడిస్తాండారా ఏందబ్బా?"
అనిపోయాడు ఒకాయన.

మా ముందు కుళ్లాయప్ప.
ముప్పై నాలుగేళ్లు యార్డులో పాయింట్స్‌మన్.
ఎడమ చేతికి మూడే వేళ్లు.
మోకాళ్ల నొప్పులకు రైల్వే ఆస్పత్రిలో
కేరళ ఫిజియో ఒకామె నేర్పిన తాయ్ చీని
తన మాటల్లోకి దించుకున్నాడు.
మేఘాల చేతులు ఆయన నోట్లో "మబ్బు దిద్దుడు."
సముద్రం అడుగున సూది అంటే
"ఈడ సముద్రం యాడుందమ్మా,
బోరుగుంతలో పడిన తాళంచెవి అనుకో."
కోతిని తోసుకుంటా వెనక్కి నడిచేదానికి మాత్రం
పేరు మార్చలేదు.
ప్లాట్‌ఫారం మనుషులకు కోతులు కొత్తా?

నేను టికెట్లు చూసేదాన్ని.
రాత్రి బండ్లు నావి.
చెయ్యెత్తే మగవాడు నెలకొకడైనా తగులుతాడు.
అందుకే మొదటి వారమే అడిగాను:
ఇంత నిదానంగా తిరిగే చెయ్యి
మీదికొచ్చే దెబ్బను ఎట్లా ఆపుతుంది?

జోయెల్ నాకంటే ముందే అడిగాడంట.
బాక్సింగులో మెడలున్న పిల్లోడు,
అడగడమెందుకు, గుద్దే చూపిస్తానన్నాడు.

గుద్దు వచ్చింది.
కుళ్లాయప్ప ఆపలేదు.
ఆ మణికట్టు పక్కన మూడు వేళ్లు ఆనించి
రోజూ దిద్దినట్టే మబ్బు దిద్దాడు.
నడుము మాత్రం
పాయింటు మారినట్టు కదిలింది.
గుద్దు ఇంకో లైను మీదికి పోయింది,
దాని వెంట జోయెల్, నాలుగడుగులు,
గోల్‌పోస్టు దాకా.

రెండోసారి ముసలాయన పెదవి చిట్లింది.
అది కూడా చెప్పాలి.
నెత్తురు తుడుచుకుంటా నవ్వాడు:
"బాగ కొట్టినావురా. నేను పేరు తల్చుకుంటాంటి.
పేరు తల్చుకుంటే దెబ్బ ఆగుతాదా?"

టీ కొట్టు కాడ నాతో అన్నాడు:
"చిన్నప్పుడు ఎక్కాలు అరిసి అరిసి సదివినాం గదమ్మా,
పదమూడేడుల తొంభయ్యొకటి.
సంతలో ఎవురన్నా ఎక్కం పాడతారా?
చిల్లర ఎంచేటప్పుడు
అదే వచ్చి చేతిలో కూకుంటాది.
పొద్దున మనం పాడేది ఎక్కం.
కొట్లాట సంత."

నాకు పూర్తిగా ఎక్కలేదు.
మీరెప్పుడైనా కొట్లాడారా అన్నాను.

"మనుషులతో ల్యా."
గ్లాసు పక్కన పెట్టి ఎడమ చెయ్యి బల్ల మీద పరిచాడు.
వానరాత్రి. సరుకుబండి.
రెండు వ్యాగన్ల మధ్య దూరి కప్లింగ్ తగిలిస్తున్నాడు.
లాంతరు కనబడలేదో, విజిల్ వినబడలేదో,
వ్యాగను వెనక్కి వచ్చింది.
"చెయ్యి అడ్డం పెట్టినా, ఎర్రోని మాదిరి.
ఇనుమును తోద్దామని.
నడుము మాత్రం నన్ను అడక్కుండానే తిరిగింది.
అడ్డం పెట్టిందాంట్లో రెండు వేళ్లు పోయినాయి.
తిరిగింది మిగిలింది.
ఇరవై ఏళ్ల తర్వాత ఆ పాప ఆస్పత్రిలో
మొదటి రోజు నడుము తిప్పి సూపిస్తే
ఏడుపొచ్చింది.
ఇది నాకు తెల్సే అన్న్యా."

టీ డబ్బులు నన్ను ఇవ్వనియ్యలేదు.

మొన్న గుత్తి దాటాక, ఎస్ ఫైవ్‌లో,
జనరల్ టికెట్ మీద పడుకున్నవాడు
లేపితే నా మణికట్టు పట్టుకున్నాడు.
మందు వాసన. బోగీ అంతా నిద్ర నటిస్తోంది.

నా చెయ్యి మబ్బు దిద్దిందని చెప్పలేను.
వెనక్కి గుంజుకోలేదు, అంతే.
అతను లాగిన వైపే అరడుగు పోయాను.
మోకాలు వంగింది, నడుము తిరిగింది,
ఏది ముందో తెలీదు.
గాజు ఒకటి పగిలింది.
అతను లోయర్ బెర్తు మీద కూలబడి
తనను కూచోబెట్టిందెవరో అర్థం కానట్టు
కిటికీ వైపు చూశాడు.

ఫైన్ రాశాను.
వేళ్లు వణుకుతూనే ఉన్నాయి,
రసీదు మీద అంకెను
రెండుసార్లు దిద్దాను.