అయిదో పియానో

జెనోవాలో అయిదో అంతస్తు అంటే
అయిదో పియానో.
పని చీటీ మీద చిరునామా కూడబలుక్కుని
హబ్తోమ్ అడిగాడు:
మిగతా నాలుగూ ఎవరు దించుతారు?

వచ్చి మూడు వారాలే అయింది, పాపం.
నేను నవ్వాను. అదెల్మో నవ్వలేదు.
లిఫ్టు లేని ఇంటి ముందు అతనెప్పుడూ నవ్వడు.
సిగరెట్ పెట్టె చింపి, లోపలి తెల్ల వైపున
మలుపులు గీశాడు, బాణాలు గీశాడు,
"ఇదీ పియానో" అన్నాడు.
హబ్తోమ్ అట్టముక్కని తిప్పి చూశాడు.
పథకం, అన్నాను. పథకాన్నీ అలాగే అంటాం.
జెనోవా వాళ్లం కదా,
మాటల దగ్గర కూడా కాస్త పొదుపు.

నల్ల పలకరాయి మెట్లు,
ఎన్ని పాదాలు తొక్కాయో, నడుమ గుంటలు పడ్డాయి.
ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్నాయి.
సిగ్నోరా ఒర్తెన్సియా తలుపు తీసే ఉంచింది.
మా ముఖాలు చూడలేదు, వేళ్లు చూసింది.
నావి చూసి "పొట్టివి" అంది.
అదెల్మోవి చూసి ఏమీ అనలేదు.
అతనికి ఎనిమిదే.

పట్టీలు బిగించి ఎత్తాం.
నిద్రలో లేపిన గొడ్డులా
లోపల తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి.
"పియానో!" అంది ఆవిడ.
మెల్లగా అని.
"పియానో, పియానో!"
ఇంకా మెల్లగా అని,
లేదా ఆ గోడ నాది కాదు నాయనా, ఇంటాయనది అని,
లేదా మీరు మోస్తున్నది నన్ను అని.

నాలుగో పియానోలో పైజమా ముసలాయన
తల బయటపెట్టి "పియానో!" అని కసిరాడు.
మనవరాలు పడుకుందట, గొంతులు తగ్గించాలట.

మూడో దాంట్లో మలుపు.
పథకం ప్రకారం కుడికి తిరగాలి.
కుడివైపున గ్యాస్ మీటరు ఉంది.
అది పథకంలో లేదు.
రెండు వందల కిలోలు ఛాతీకి ఆనించుకుని
"ఇంకో పియానో ఉందా?" అని అరిచాను.
హబ్తోమ్ కళ్లు తేలేశాడు.
"ఇంకోటి కూడానా?"

రెండో మెట్ల మలుపులో దించి ఊపిరి పీల్చుకున్నాం.
ఆవిడ వెనకే దిగింది, చంకలో గుండ్రటి స్టూలు.
అది వేసుకుని కూచుంది, మేం నిలబడే ఉన్నాం.
ఇన్నింటికీ ఒకే మాటేమిటమ్మా, అని హబ్తోమ్ అడిగేశాడు.
దీని అసలు పేరు పొడుగు, అంది మూత తడుముతూ.
పియానోఫోర్తే.
మెల్లగా, గట్టిగా.
రెండూ పలుకుతుందని అలా పెట్టారు.
వాడగా వాడగా గట్టిగా అన్న సగం రాలిపోయింది.
ఎవరూ పనిగట్టుకు తీసెయ్యలేదు.
మోసేవాళ్లకి బరువైందేమో.

కాసేపాగి మళ్లీ తనే అంది:
మా ఆయనకి రేవులో రాత్రి కాపలా. పగలు నిద్ర.
నలభై ఏళ్లు మధ్య పెడల్ తొక్కిపెట్టే వాయించాను.
సుత్తులకీ తీగలకీ నడుమ ఉన్ని గుడ్డ.
పిల్లలకీ అలాగే నేర్పాను.
నా శిష్యులు ఎక్కడ వాయించినా
పక్కగదిలో ఎవరో పడుకున్నట్టే ఉంటుంది.

ఎక్కడికమ్మా ఇప్పుడు, అన్నాడు అదెల్మో.
నోవారా వైపు. వరి మళ్ల మధ్య ఇల్లు.
మెట్లు లేవు, పక్కిల్లు లేదు.
చూపు ఆనినంత మేరా చదును.
చదునుని కూడా పియానో అంటారోయ్, రాసుకో,
అంది హబ్తోమ్‌తో.

సందులోకి దించాం. చొక్కాలు పిండితే బకెట్ నిండేది.
వ్యాను వెనక తలుపులు తెరుస్తుంటే
ఆవిడ స్టూలు వేసుకుని మూత ఎత్తింది.
మధ్య పెడల్ జోలికి పోలేదు.
రెండు చేతులూ పైకెత్తి దింపింది.
పావురాలు లేచాయి. ఒక స్కూటరు ఆగింది.
పాటో కాదో నాకు తెలీదు,
వర్షానికి రేకులమీద మోగినట్టు మోగింది.

నాలుగో అంతస్తు కిటికీ తెరుచుకుంది.
"పియానో!"
ఆవిడ తల కూడా ఎత్తలేదు.
"అవును, పియానోనే."

మీటరు దగ్గర గోడకి గీత పడిందని
కూలిలో పది యూరోలు పట్టుకుని ఇచ్చింది.
వ్యాను కదిలాక
ప్రతి గతుక్కీ వెనక తీగలు మోగుతున్నాయి.
అదెల్మో వేగం తగ్గించాడు.
ఎవరూ ఏమీ అనకుండానే.