కాగితం మొత్తం చదువు

స్లొవేకియాలో, స్పిష్ కొండల కింద,
బస్సు వెనక్కి తిరిగే చోట
తారురోడ్డు ఆగిపోతుంది.
అక్కణ్ణించి మా రోమా వాడ, మా బురద.
మూడొందల మందికి ఒక్క బోరింగు.
మంచుకి దాని పిడి బిగుసుకుపోతే
వేణ్ణీళ్లు పోసి బతిమాలుకోవాలి.

నా భుజాన నీలం పెట్టె.
లోపల ఐసు, ఐసు మధ్య తట్టు టీకాలు పన్నెండు.
పొద్దున పన్నెండు తీసుకొస్తాను,
సాయంత్రం పన్నెండూ తిరిగి అప్పజెబుతాను.
వారమైంది, లెక్క ఒక్కసారీ తప్పలేదు.

పట్నంలో డాక్టరమ్మ అంటుంది:
"మీవాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు."
ఇక్కడ బోరింగు దగ్గర ఆడవాళ్లు అంటారు:
"మీ ఆస్పత్రివాళ్ల సంగతి మాకు తెలీదా!"
ఈ 'మీ'కీ ఆ 'మీ'కీ నడుమ
నేను కూర్చోడానికి మిగిలింది
బస్సులో కిటికీ పక్క సీటు.

గేజా కుక్క నన్ను గుర్తుపట్టి తోకాడిస్తుంది.
గేజా గుర్తుపట్టే తలుపేస్తాడు.
ఫోనులో ఎవరో చూపించారట,
ఆ సూదిలో పిల్లలు పుట్టకుండా మందుందని.
ఈ మాట ఎతెల్కా అవ్వకి చెప్పి
నవ్వబోయాను.

"నవ్వకు," అంది.
విరగ్గొట్టిన పెట్టెచెక్క పొయ్యిలో దోపుతూ,
నా వైపు చూడకుండా,
"నాకు వాళ్లు సూదితో చెయ్యలేదు. కత్తితో చేశారు."

ఇరవై మూడేళ్లప్పుడు, రెండో కాన్పు.
నొప్పులు మీదికొస్తున్నాయి. నర్సు కాగితం తెచ్చింది.
తొందరగా పెట్టు సంతకం, లేకపోతే చచ్చిపోతావంది.
పెన్ను ఆవిడదే. నా వేళ్లు పట్టి నడిపించిందీ ఆవిడే.
"అందులో ఏం రాసుందో దేవుడికి తెలియాలి.
కింద పేరు మాత్రం నా చేతిరాతే, కాదనలేను."
మూడేళ్లు ఎదురుచూశాక ఎవరో చెప్పారు.
"ఊయల పారెయ్యబుద్ధి కాలేదు.
అందులో ఉల్లిగడ్డలు పోసుకున్నాను."

శిక్షణలో నాకొక చీటీ ఇచ్చారు,
పదకొండు ప్రశ్నలు, పదకొండు జవాబులు.
కోటు జేబులో దాన్ని తడిమాను.
ఉల్లిగడ్డల సంగతి అందులో లేదు.

వాగు అవతలి వాడలో తట్టు మొదలైంది.
రెనాత పిల్లాడు వెలుతురు చూడలేక
ఎనిమిది రోజులుగా దుప్పటి కిందే ఉన్నాడు.
ఆ మాటా చెప్పాను.
కోడలు సబీనా గోడకి ఆనుకుని
అత్త నోటివంకే చూస్తోంది.
మూడేళ్ల వివియేన్ నా పెట్టెమూత మీది చెమ్మలో
వేలితో కోడిని గీస్తోంది.

"కాగితం తియ్యి," అంది అవ్వ.
"మొత్తం చదువు. మన భాషలో."

చదివాను.
కొన్నింటికి మన భాషలో మాటే లేదు,
చేతులతో చెప్పాను.
జ్వరం రావచ్చు, ఒంటి మీద పొక్కులు రావచ్చు,
చాలా అరుదుగా...
అక్కడ నా గొంతు తగ్గింది.
"గట్టిగా," అంది.
గట్టిగానే చదివాను.

"వద్దంటే?"
"జరిమానా వెయ్యొచ్చు. నేనైతే లేచి వెళ్లిపోతాను."
అప్పుడు నా వైపు చూసింది, అంతసేపట్లో మొదటిసారి.
"అది కూడా చెప్పావు," అంది.

పెన్ను అందించాను.
తీసుకుంది, బరువు చూసింది,
నా ఒళ్లో పెట్టేసింది.

ఆ సాయంత్రమూ పన్నెండే.
డాక్టరమ్మ రిజిస్టరులో సున్నా చుట్టింది.
ఈసారి నేను ఒక్క మాటా అనలేదు,
నోటిదాకా చాలా వచ్చినా.

గురువారం పొద్దున బస్సు దిగేసరికి
బోరింగు పక్కన నిలబడి ఉన్నారు ముగ్గురూ.
మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను, మొదటినుంచీ.
ఆడవాళ్లు బకెట్లు దించి విన్నారు.
ఒకామె మధ్యలోనే వెళ్లిపోయింది.
గేజా తలుపు తియ్యలేదు.

పెన్ను కోసం జేబులో చెయ్యి పెట్టాను.
"అక్కర్లేదు," అంది ఎతెల్కా.
కొంగు ముడి విప్పి పొట్టి పెన్నొకటి తీసి,
రాస్తుందో లేదో అరచేతిలో గీసి చూసి,
సబీనా చేతికిచ్చింది.

"తొందరేం లేదే. నెమ్మదిగా పెట్టు."