మూడు నూళ్ళు

రూతు కొలతలు నా పుస్తకంలోకి మొదట ఎక్కింది
తొమ్మిదో తరగతి యూనిఫారానికి.
తొడ చుట్టూ పంతొమ్మిదిన్నర.
పక్కనే వాళ్ళమ్మ కరుణమ్మ బాకీ, నలభై.

తర్వాతి పేజీల్లో తొడ ఒక్కటే పెరుగుతూ వచ్చింది.
ఇరవై ఒకటీ ముప్పావు. ఇరవై మూడు.
నడుం మాత్రం ఉన్నచోటే ఉంది.
కరుణమ్మ పాంటు తెచ్చి బల్ల మీద పడేసి
"ఇప్పెయ్ కుట్లు, లోపల గుడ్డేవన్నా మిగిలిందా?
ఆడపిల్ల కాళ్ళా ఇయ్యి, అరటి బోదెలు" అంది.
కాదమ్మా,
అరటి బోదెలు మొన్న గాలివానకి బారులు బారులుగా పడుకున్నాయి.
ఈ పిల్ల ఆ వానలోనే గట్టెక్కి దిగింది, పదకొండుసార్లు.

ఈ కోనసీమలో ఎత్తంటే ఏముంది,
కాలువ వంతెన, ఏటిగట్టు. మిగతాదంతా చాపలా పరిచిందే.
సలాది మాస్టారు ఆ గట్టు కిందే నిలబెడతాడు,
వాళ్ళ నాన్న కొబ్బరికాయల రిక్షాతో సహా.
జోరందుకుని ఎక్కకూడదు. ఆగినచోటునుంచే,
మొదటి తొక్కుకే బండి కదలాలి.
కాయలు మూడొందలు. ఒక్కోసారి నాన్న కూడా పైన.

మూతపడ్డ మిల్లు వెనక, ధాన్యం ఆరబోసే గచ్చు మీద
పాత షాఫ్టుకి అటో పుల్లీ ఇటో పుల్లీ తగిలించి
భుజాల మీద పెట్టుకుని గుంజీలు.
అయిదు తీసి ఆగాలి. ఆరోది తీస్తే తిడతాడు.
"ఆయాసం ఎవడికైనా వస్తుందే. బలం ఆగి ఆగి వస్తుంది"
అని ఈల నోట్లో పెట్టుకునే అంటాడు,
సగం మాట ఈలలో పోతుంది.
ఇంటికొచ్చి నాలుగు గుడ్లు, చద్దన్నం,
రాత్రి మిగిలిన పరిగెల పులుసు.
మా మెట్లు గోడ పట్టుకుని దిగేది,
మా అమ్మలా.

ఆ సైకిలుకి బ్రేకులుండవట. ఫ్రీవీలూ ఉండదట.
చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాల్సిందే.
విని నవ్వొచ్చింది నాకు.
నా మిషను మాత్రం? చక్రం మీద అరచెయ్యి వేస్తేనే ఆగుతుంది.
ముప్ఫై ఏళ్ళుగా తొక్కుతున్నాను,
ఒక్క కుడికాలితో.
ఎడమది చిన్నప్పుడే జ్వరంలో సన్నబడిపోయింది.

హైదరాబాదులో, గిన్నె అంచులాంటి దారిలో,
రూతుకి నాలుగో స్థానం.
ఏడుస్తుందనుకున్నాను. సైకిలు నిక్కరు చేతికిచ్చి
"కుట్టు ఊడింది పిన్నీ" అంది, అంతే.
లైటు కింద పెట్టి చూశాను.
కుడివైపు గుడ్డ అరిగి జల్లెడైంది. ఎడమవైపు కొత్తదానిలా ఉంది.
"నిలబడు" అన్నాను.
కుడి తొడ ఇరవై నాలుగున్నర.
ఎడమది రెండుసార్లు కొలిచాను.
మూడు నూళ్ళు తక్కువ.

ఇన్నేళ్ళూ ఒక్క కాలే కొలిచాను.
రెండోదీ అంతే ఉంటుందని ఏ టైలరైనా అనుకోవచ్చు,
నేను అనుకోకూడదు.
రెండు జతలు కొంటేగానీ నాకు ఒక జత చెప్పులవ్వవు.

మాస్టారు టేపందుకుని తనే చూడబోయి, ఆగి,
కాగితం మీద రాయించుకున్నాడు.
మర్నాటి నుంచి లాకుల దగ్గర మెట్లు.
భుజాన ఇసక మూట. ఎడమకాలొక్కటే ఎక్కాలి,
కుడిది ఊరికే వెంట రావాలి.
కాలువ కట్టేసిన నెల. అడుగున బురద పగుళ్ళు,
ఒక చెప్పు, ఎవరిదో విరిగిన తెడ్డు.
లాకు కాపలా ముసలాయన గొలుసు తీసి దారిచ్చేవాడు,
లెక్క తనే పెట్టేవాడు, తప్పుగా.

నీళ్ళు వదిలిన వారం మళ్ళీ కొలిచాను.
ఇంకా ఒక నూలు తేడా ఉంది.
కొత్త నిక్కరుకి లోపల అంగుళంన్నర గుడ్డ వదిలాను,
కరుణమ్మ అడక్కుండానే.

రూతు నా స్టూలు మీద కూర్చుని
"ఎడంకాలితో తొక్కనా పిన్నీ, కాసేపు?" అంది.
వద్దనేలోపే తొక్కింది.
చక్రం వెనక్కి తిరిగింది. దారం తెగింది.
నేను సూదిలోకి మళ్ళీ ఎక్కిస్తున్నాను,
ఆ కాలు ఇంకా పెడలు మీదే ఉంది.