నాలుగు మిల్లీమీటర్లు

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల వరసకెదురు
పంతొమ్మిదేళ్లుగా నా జూస్ బండి.
పేషెంటు కంటే ముందు పేషెంటు తాలూకు మనిషి నా దగ్గరికొస్తాడు,
"నీరసంగా ఉందంట, ఏదైనా ఇవ్వు సుభానీ."
రక్తం తక్కువంటే బీట్‌రూటు,
జ్వరమంటే బత్తాయి,
ఏమీ చెప్పకపోతే మొహం చూసి దానిమ్మ.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం
మిక్సీ తిరుగుతుండగానే
నడుం వెనకనించి గజ్జ దాకా
నరాన్ని ఎవరో తాడులా పేనారు.
గ్లాసు జారింది.
ఎర్రటి మడుగు చూసి
నెత్తురనుకుని జనం మూగారు.
ఏసోబు ఐసు రిక్షా మీద నన్ను రోడ్డు దాటించాడు.

నల్లటి తెర మీద తెల్లటి చుక్క.
"నాలుగు మిల్లీమీటర్లు. ఆక్సలేటు రాయి అయ్యుంటుంది" అంది డాక్టరమ్మ.
పండులో తీపి తెలుసు, పులుపు తెలుసు, వగరు తెలుసు,
గింజ తీసి వడకట్టే చేతికి
రాయి సంగతి తెలీదు.
బీట్‌రూటు మానమంది, పాలకూర మానమంది,
గోంగూర కూడా అన్నప్పుడు
ఊరు వదిలి పొమ్మన్నట్టే అనిపించింది.

"రోజుకి నీళ్లెన్ని తాగుతావు?"
నోరు పెగల్లేదు.
పొద్దున ఏడు నించి రాత్రి పది దాకా
బండి వదిలి వెళ్లే చోటేది?
ఆసుపత్రి బాత్రూం పేషెంట్లకే,
హోటలు వాడిది టిఫిను తిన్నవాళ్లకే.
అందుకే పుక్కిలించి ఊసేవాణ్ణి.
రాత్రి మిగిలిన బీట్‌రూటు అడుగుబొడుగు
పారబొయ్యడం ఇష్టంలేక తాగి పడుకునేవాణ్ణి.
మూడొందల గ్లాసులు నింపిన చెయ్యి
మంచినీళ్లు ఒక్క గ్లాసు నా గొంతులో పొయ్యలేదు.

పదిహేడో రాత్రి పడింది,
ఇంట్లో పాత టీ జల్లెడలో
(బండి మీదది కాదు, ఒట్టు).
గోధుమ రంగు, ఒళ్లంతా ముళ్లు,
పల్లేరుకాయకి పుట్టిన పిల్లలాగా.
ఖాజాబీ దీపం దగ్గర పెట్టి చూసి
"దీనికా అంత అరిచావు?" అంది.

ఇప్పుడు బీట్‌రూటు అడిగిన వాళ్లని అడుగుతున్నాను,
రాయేమన్నా ఉందా అని.
కొందరు నవ్వుతారు. ఒకాయన తిట్టాడు కూడా.
ఉందన్నవాళ్లకి నిమ్మకాయ నీళ్లు, పంచదార లేకుండా, పది రూపాయలు.
గల్లా తేలికైంది, ఏసోబు సణుగుతున్నాడు.

నిన్న ఎండలో
సెంటర్లో డ్యూటీ చేసే కానిస్టేబులమ్మ వచ్చింది.
"నీళ్లు తాగుతున్నావా తల్లీ?" అన్నాను.
ఆమె అటు చూసింది, ఇటు చూసింది,
చుట్టూ షట్టర్లు, కాలవ, మగాళ్లు నిలబడే గోడ.
జవాబు చెప్పలేదు.
నిమ్మనీళ్లు ఇస్తే
సగం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి,
"ఆరు దాకా డ్యూటీ అన్నా" అంది.