వేలిముద్ర

మట్టెవాడ సందుల ఓదేలు జాడీల కార్ఖాన.
లెక్కలు రాసేది నేను.
పూత నిలువక ఏడు ఆములు బుగ్గిపాలైనయి.
ఎనిమిదోది తెరిచిన పొద్దు
ఉడుకుడుకు జాడీని చంకనెత్తుకొని
బజారంత తిరిగిండు,
చెయ్యి బొబ్బలెక్కినా దించలే.

బల్లార్షా దాక రైలెక్కినయి జాడీలు.
ఆయనకు పేరు రాయరాదు,
పచ్చిమట్టి మీదనే అడుగున బొటనవేలు ఒత్తేటోడు.
"చదివెటోళ్లు చదువుకుంటరు తియ్" అనేటోడు.

అదే వేలు
సేటు కాగితం మీద గూడ ఒత్తిండు.
చదివి వినిపించింది నేనే,
ఒక్క వరుస మింగి.

కార్ఖాన జాగల ఇప్పుడు టైర్ల దుకాణం.
మా ఇంట్ల మామిడికాయ తొక్కు అయిపోయినప్పుడల్ల
జాడీ కడుగుడు నా పనే.
లోపల గుడ్డతోని తుడుస్త.
బోర్లించ.