ఇనన్నా

ఉస్మానియాలో మగవాళ్ల వార్డు, రాత్రి పదకొండు దాటింది.
మంచం మీద పెంటయ్య పహిల్వాన్.
ఒకప్పుడు ధూల్‌పేట తాలీంలో
వీడు తొడ చరిస్తే కార్వాన్‌లో పావురాలు లేచేవి.
ఇప్పుడా తొడ నా ముంజేతి లావు.

మొదట మేం దోస్తులం కాదు.
పందొమ్మిదేళ్ల వయసులో ఎర్రమట్టిలో గంటన్నర పట్టుకున్నాం.
ఎవరి వీపూ నేలకంటలేదు.
చీకటి పడ్డాక ఉస్తాద్ గఫూర్ సాబ్
ఇద్దరి నెత్తినా చెరో గిన్నెడు మజ్జిగ గుమ్మరించి
"చాలు బే, ఇగ కలిసి తినున్రి" అన్నాడు.
నలభై మూడేళ్లుగా తింటున్నాం.

కోఠీలో నాది పాత పుస్తకాల బండి.
అట్ట ఊడిన పుస్తకమొకటి సంచిలో వేసుకొచ్చాను:
సుమేరు దేశం, మట్టిపలకలు,
తడిమట్టి మీద పిచ్చుకలు తిరిగినట్టు అక్షరాలు.
నిద్రపట్టనివాడికి రోజుకింత చదువుతాను.

"దేవత పేరు ఇనన్న."
"ఇంటనే ఉన్న, చెప్పు."
"కాదురా, పేరే ఇనన్న."
నవ్వాడు. సెలైన్ గొట్టం కూడా ఊగింది.
"అందర్నీ ఇనన్నా, ఇనన్నా అంటే
ఎవడింటడు ఆ ఊళ్లె?"

ఎవరూ వినలేదు. పాతాళానికి దిగింది.
ఏడు వాకిళ్లు.
వాకిటికొకటి ఒలుచుకున్నారు:
కిరీటం, మెడలో నీలిరాళ్లు, చేతి కడియం, చివరికి ఒంటిమీది బట్ట.
ఇదేమని అడిగితే
కింది లోకం కట్టుబాటు, మాట్లాడకు, అన్నాడు కాపలావాడు.

పెంటయ్య తన చేతులు చూసుకున్నాడు.
"గేటుకాడ చెప్పులు. ఓపీల గడియారం.
స్కానింగుకాడ మొలతాడు కోసిన్రు.
అమ్మ కట్టిన తాయెత్తు మొన్న ఆపరేషన్ రూముకాడ.
ఇంకెన్నున్నయ్ రా?"
లెక్క నాకు తెలుసు. చెప్పలేదు.

మర్నాడు, గోడ కట్టిన రాజు.
పెద్ద దేవుడు వాడికి రాజ్యం రాసిచ్చాడు,
ఆయుష్షు దగ్గరికొచ్చేసరికి కలం ఎత్తేశాడు.
"గోడన్న ఉన్నదా?"
"ఇసుక దిబ్బలు."
"మనదీ గంతేగా. దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా.
నడుమ గోడ యాడ?
వాన తిన్నదో, మునిసిపాలిటీ తిన్నదో."

వరద కథ మాత్రం వాడే నాకు చెప్పాడు,
కిటికీ బయట చింతచెట్టును గడ్డంతో చూపించి.
మూసీ పొంగిన ఏడు దాన్నెక్కి బతికినవాళ్లంతా
తర్వాత
ఎవరి మంచాల మీద వాళ్లు పోయారు.

గురువారం రాత్రి.
భూమికి కంత పడి, చచ్చిన దోస్తు నీడ పైకొస్తుంది.
రాజు ఒక్కొక్కరి సంగతే అడుగుతాడు.
ఒక్క కొడుకున్నవాడేం చేస్తున్నాడు?
గోడకున్న మేకు పక్కన కూచుని ఏడుస్తున్నాడు.
ఏడుగురున్నవాడు? దేవుళ్ల సరసన కుర్చీ వేసుకున్నాడు.

పెంటయ్యకు కొడుకుల్లేరు. ఆ మాటెత్తలేదు.
"నాకు ముందు నలుగురు పోయిన్రు.
పేర్లు గూడ పెట్టలే.
అందుకే నన్ను పెంట మీద పారేసి,
చెత్తోలె ఎత్తుకొచ్చి, పెంటయ్య అన్నది అమ్మ.
యముడు ముక్కు మూసుకొని పోయిండు.
ఆ నలుగురు ఏం జేస్తున్నరట?
సూడు, రాసిండా?"

లేదనుకుంటూనే పేజీలు తిప్పాను.
రాశాడు.
పేరు పెట్టకముందే పోయిన పసివాళ్లు
బంగారు బల్ల దగ్గర, వెండి బల్ల దగ్గర
ఆడుకుంటున్నారు. ముందు తేనె, నెయ్యి.

చాలాసేపు ఏమీ అనలేదు.
"నెయ్యా?"
"నెయ్యే."
"తాలీం మట్టిల పోసేటిదేనా?"
నాకు గొంతు పెగల్లేదు.
వాడు అటు తిరిగి పడుకున్నాడు,
వీపు మంచానికి ఆనకుండా, పక్కకు.

పదకొండో రోజు తాలీంకు పోయాను.
గోడ మేకుకు వాడి లంగోటీ,
ఎవరూ తీయలేదు.
పిలగాళ్లు గుంత తవ్వి మట్టి కొత్తగా కలుపుతున్నారు,
పసుపు, మజ్జిగ.
మోచేతుల దాకా ఎరుపెక్కిన ఒకడు
డబ్బా పట్టుకొచ్చి నా ముందు నిలబడ్డాడు.
"ఇనన్నా, నెయ్యి ఇంకింత పొయ్యాల్నా?"

పొయ్యమన్నాను.